పదకొండో సంతకం

మా పటాలంలో కాపలా ఎక్కడ వేసినా సిపాయిలు కిక్కురుమనేవాళ్ళు కాదు. మూడో గోదాము దగ్గర వేస్తే మాత్రం ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి జ్వరం, మరొకడికి ఊళ్ళో అమ్మమ్మ రెండోసారి చచ్చిపోయేది.

బాల్కన్ కొండల అంచున, పటాలం ప్రహరీగోడ పక్కనే ఉండే పొడుగాటి రాతి కొట్టం అది. సిపాయిలకి దుప్పట్లు, బూట్లు, పనిముట్లు ఇచ్చేదీ తిరిగి పుచ్చుకునేదీ అక్కడే. గోడ వైపున చిన్న కిటికీ, దానికి ఇనప రెక్క. ఏడాది పొడుగునా అది మామూలు ఇనప రెక్కే. పోయినవాళ్ళ పేరు మీద గోధుమలు పంచే పెద్దల శనివారం ముందు రాత్రి మాత్రం... దాన్ని ఎవరో తడతారు.

మూడు దెబ్బలు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ మూడు.

తెల్లారి చూస్తే కిటికీ కింద మంచులో ఒక పార పడి ఉంటుంది.

పెద్దది కాదు. సిపాయి నడుముకి వేలాడదీసుకుంటాడే, కందకం తవ్వుకునే పొట్టి పార — అది.

"దెయ్యానికి పారెందుకురా?" అని కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"దానికి కాదు, నీకు. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావని తెచ్చిపెడుతుంది" అనేవాళ్ళు పాతవాళ్ళు. దాంతో ఆ నవ్వు కాస్తా ఆగిపోయేది.

ఆ దెయ్యం పేరు అందరికీ తెలుసు — లూబెన్. తోడేలు గట్టు మీద మంచులో పోయిన కుర్రాడు. అతను పారే ఎందుకు తెస్తాడో తెలిసినవాడు మాత్రం ఒక్కడే. గోదాము సార్జెంటు స్తామెన్. అతను ఆ సంగతి పంతొమ్మిదేళ్ళు ఎవరితోనూ అనలేదు.

మా సైన్యంలో ఒక పద్ధతి ఉంది. రెండేళ్ళ నౌకరీ అయిపోగానే సిపాయి చేతిలో తిరుగుడు చీటీ అని ఒక కాగితం పెడతారు. అది పట్టుకుని వాడు పటాలమంతా తిరగాలి. వంటశాలలో చెంచా అప్పజెప్పి సంతకం, పుస్తకాల గదిలో సంతకం, ఆసుపత్రిలో సంతకం, ఆయుధాల కొట్టులో తుపాకీ ఇచ్చేసి సంతకం... మొత్తం పదకొండు. పదకొండూ పడితేనే గేటు తెరుస్తారు. పది పడి ఒకటి పడకపోతే, సొంత తమ్ముడి పెళ్ళయినా సరే, సిపాయి సిపాయే.

పదకొండో సంతకం ఎప్పుడూ స్తామెన్‌దే.

పంతొమ్మిదేళ్ళ కింద, అలాంటి శుక్రవారమే, లూబెన్ ఆ కిటికీ ముందు నిలబడ్డాడు. పది సంతకాలు అయిపోయాయి. మొహం వెలిగిపోతోంది. దుప్పటి ఇచ్చాడు, బూట్లు ఇచ్చాడు, నీళ్ళ సీసా ఇచ్చాడు. స్తామెన్ అతని సామాను కార్డు మీద ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు.

"పార ఏదిరా? నూట పదిహేడో నంబరు."

"అక్టోబర్లోనే ఇచ్చేశాను కదండీ, సార్జెంటు గారూ. కందకాల పని అయిపోయిన రోజున. తుడిచి, నూనె రాసి, మీ చేతికే ఇచ్చాను."

"కార్డులో లేదే."

"మర్చిపోయారేమోనండి—"

"నేను మర్చిపోతానేమో. కార్డు మర్చిపోదు."

కుర్రాడు కిటికీ పట్టుకుని బతిమాలాడు. "రేపు పెద్దల శనివారమండీ. మా నాన్న పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అమ్మ గోధుమలు ఉడకబెట్టి కూర్చుంటుంది. నాలుగింటి బస్సు తప్పితే మళ్ళీ సోమవారమే..."

"మరి ఇక్కడ నిలబడి కబుర్లెందుకు? గట్టు మీద కందకంలో వదిలేసుంటావు. పోయి పట్టుకురా. నేనెక్కడికీ పోను."

ఆ మాట అన్నందుకు కాదు, అంత తేలిగ్గా అన్నందుకు స్తామెన్ తర్వాత తనని తాను క్షమించుకోలేకపోయాడు. పెన్నుకి మూత కూడా పెట్టకుండా అన్నాడు.

లూబెన్ గట్టెక్కాడు. మూడింటికి గాలి లేచింది. నాలుగింటికి గట్టు కనపడలేదు. పదకొండు రోజుల తర్వాత, పాత కందకంలో, మోకాళ్ళ మీద ఉన్నవాడిని ఉన్నట్టే తెచ్చారు. పదివేళ్ళకీ గోళ్ళు లేవు. పార కోసం చేతులతోనే మంచు తవ్వుకున్నాడు.

ఇంతకీ ఆ పార ఎక్కడుంది?

గోదాములు నడిపినవాళ్ళకి ఒక పాడలవాటు ఉంటుంది — చాటు సరుకు. తనిఖీలో ఏదైనా ఒకటి తగ్గితే చటుక్కున తీసి చూపించడానికి, లెక్కలో ఎక్కించని వస్తువులు నాలుగు వెనక బీరువాలో దాచుకుంటారు. స్తామెనూ దాచాడు. అక్టోబర్లో ఎవరో కుర్రాడు పార తెచ్చి ఇస్తే, రెండో కంపెనీకి ఒకటి తగ్గింది కదా, ఇది చేతి కింద ఉండనీ అని బీరువాలో పడేశాడు. కార్డు తర్వాత రాద్దాం అనుకున్నాడు. రాయలేదు.

జనం ఇంకా గట్టు మీద లాంతర్లతో వెతుకుతున్న ఆదివారం నాడు బీరువా తెరిచాడు. పిడి మీద వాతపెట్టిన అంకె — నూట పదిహేడు. నూనె ఇంకా మెరుస్తోంది.

అప్పుడు చెప్పుంటే బాగుండేది. భయపడ్డాడు. ఇంట్లో నెలల పిల్ల, చేతిలో ఒక్కటే ఉద్యోగం. పారని బీరువా అడుక్కి తోసి తాళం వేశాడు. పై నుంచి వచ్చినవాళ్ళు రాసుకుపోయారు: *సిపాయి తన అజాగ్రత్త వల్ల ప్రభుత్వ వస్తువు పోగొట్టుకుని, దాని కోసం వెళ్ళి మరణించాడు.* అదే ముక్క వాళ్ళమ్మకి ఉత్తరంలో వెళ్ళింది.

మరుసటి ఏడాది, పెద్దల శనివారం ముందు రాత్రి, కిటికీ మీద మూడు దెబ్బలు పడ్డాయి.

స్తామెన్ లోపలే ఉన్నాడు. గాలి హోరులోంచి సన్నటి గొంతు... "తెచ్చాను. సంతకం పెట్టండి..."

తెల్లారేదాకా దుప్పట్ల కట్టల మధ్య నక్కి కూర్చున్నాడు. పొద్దున్న కిటికీ కింద తుప్పు పట్టిన పార ఒకటి కనపడింది. గబగబా తెచ్చి పిడి చూశాడు. నూట పదిహేడు కాదు. ఎలా అవుతుంది? అది లోపల ఉంది!

ఎవరితో చెప్పుకుంటాడు? దొంగకి తేలు కుట్టినట్టయింది అతని పని.

ఆ తర్వాత ఏటేటా అంతే. గోదాము మనిషి కనక ఊరుకోలేడు — వచ్చిన ప్రతి పారకీ అట్టముక్క కట్టి, ఏడాది రాసి, ఆ బీరువాలోనే పెట్టేవాడు. మొదట్లో వచ్చినవి మట్టి కొట్టుకుని, పిడి చీలి, ఎందుకూ పనికిరానివి. ఆ తర్వాతవి వేరు. గొంతు వినిపించడం మానేసింది, మూడు దెబ్బలే. పొద్దున్న దొరికే పార మాత్రం శుభ్రంగా తుడిచి, నూనె రాసి ఉండేది. వాటిని చూస్తేనే స్తామెన్‌కి ఎక్కువ భయం వేసేది.

అలా పద్దెనిమిది.

ఇంతలో పటాలాన్నే ఎత్తేస్తున్నామని కబురొచ్చింది. సోఫియా నుంచి సోమవారం కమిటీ వస్తుంది, సూదితో సహా లెక్కపెట్టి తీసుకుపోతుంది. స్తామెన్‌కీ ఉద్యోగం అయిపోయింది. అతని చేతికే తిరుగుడు చీటీ వచ్చింది. పది సంతకాలు పడ్డాయి. పదకొండోది కమిటీ పెట్టాలి.

పెద్దల శనివారం ముందు రోజు, శుక్రవారం సాయంత్రం ఆయుధాల కొట్టు చూసే ఝేకో వచ్చాడు, చంకలో రకియా సారా సీసాతో. స్తామెన్‌కి పాతికేళ్ళ స్నేహితుడు. బీరువా తలుపు తెరిచి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఇవన్నీ అవేనా?"

"అవే."

"ఓరి నీ దుంప తెగ! తీసుకెళ్ళి మ్యూజియం పెట్టు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "ఒరేయ్ స్తామెన్, మన వృత్తిలో తక్కువున్నా దొంగే, ఎక్కువున్నా దొంగే. పద్దెనిమిది ఎక్కువుంటే ఎక్కడివని అడుగుతారు. ఏం చెప్తావు? దెయ్యం సరఫరా చేసిందని రసీదు చూపిస్తావా? సంచిలో కట్టి ఏట్లో పారెయ్. సోమవారం సంతకం పెట్టించుకో. ఇంటికెళ్ళి టమాటాలు వేసుకో."

"పంతొమ్మిదిరా," అన్నాడు స్తామెన్.

"ఏంటి?"

"పద్దెనిమిది కాదు. పంతొమ్మిది."

ఝేకో అతని మొహంలోకి చూశాడు. సీసా బల్ల మీద పెట్టి, "ఈ రాత్రి ఇక్కడుండకు. మా ఇంటికి రా" అని మాత్రం అన్నాడు. స్తామెన్ రానన్నాడు. తలుపు దాటాక ఝేకో బూట్ల చప్పుడు పరుగులోకి మారింది.

స్తామెన్ గోనెసంచి తెచ్చాడు. ఒక్కొక్క పారా లోపల వేశాడు. పద్దెనిమిదీ పట్టాయి. చివరికి అడుగునున్న నూట పదిహేడో నంబరు చేతిలోకి తీసుకున్నాడు... దాన్ని వెయ్యలేకపోయాడు.

ఇది ఏట్లో పడితే లూబెన్ నిజంగానే పార పోగొట్టుకున్నవాడవుతాడు. ఎప్పటికీ.

అలా పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో. దీపంలో నూనె సగానికి వచ్చింది. బయట మంచు పడటం ఆగింది. పటాలం ఖాళీ, కుక్క అరుపు కూడా లేదు.

టక్. టక్. టక్.

స్తామెన్ పారని ఒళ్ళోకి లాక్కున్నాడు.

కాసేపు... ఏమీ లేదు.

టక్. టక్. టక్.

"తెచ్చాను..."

ఆ గొంతు! ఆరేళ్ళుగా వినపడని గొంతు. స్తామెన్ వెనక మూల వైపు చూశాడు. మామూలుగా అయితే దుప్పట్ల మధ్య దూరేవాడే. కానీ ఇది ఆఖరి రాత్రి. వచ్చే ఏడు ఈ కిటికీ ఉండదు. ఆ కుర్రాడు వచ్చి ఎవరి తలుపు తడతాడు?

ఆ ఆలోచనకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే లేచాడు. గడియ తుప్పు పట్టి రాలేదు. నూట పదిహేడో నంబరు పారతోనే దాన్ని కొట్టాడు. రెక్క కిర్రుమని తెరుచుకుంది.

వెన్నెల్లో... నల్ల తలగుడ్డ. ముడతల మొహం. చలికి వణికే చెయ్యి, ఆ చేతిలో ఒక పార.

ముసలావిడ.

"ఎన్నాళ్ళకి తెరిచావు నాయనా," అంది.

స్తామెన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయపడకు. నేను నేదని. లూబెన్ వాళ్ళమ్మని. మొదటి ఏడు పగలే వచ్చాను, గేటు దగ్గర కేసు అయిపోయింది పొమ్మన్నారు. మావాడే చూపించాడు ఈ ప్రహరీగోడలో కన్నం. నౌకరీలో ఉండగా ఇందులోంచే బయటికొచ్చి నేను తెచ్చిన జున్ను రొట్టెలు తినేవాడు." పార కిటికీ మీద పెట్టింది. రొమ్ము దగ్గర దాచుకున్న మడత కాగితం ఒకటి తీసింది. "వాడి జేబులో ఉన్న చీటీ నాకిచ్చారు. చూడు, పది ఉన్నాయి. కల్లోకొచ్చినప్పుడల్లా ఇదే పట్టుకుని నిలబడతాడు. అమ్మా, నన్ను వదలటం లేదు అంటాడు... నంబరు చూడు నాయనా. ఇదేనా?"

స్తామెన్ తల అడ్డంగా ఊపాడు.

"కాదా," అందావిడ. విసుగు లేదు, కోపం లేదు. "గట్టు మీద దొరికినన్నాళ్ళు అక్కడివే తెచ్చాను. అవి అయిపోయాక ఊళ్ళో దొడ్లన్నీ తిరిగి అడుక్కొచ్చాను. ఎవరింట్లోనో ఒకళ్ళింట్లో వాడిది ఉండకపోతుందా అని. పోనీలే. వచ్చే ఏడు ఇంకోటి తెస్తాను."

మూట విప్పి, ఉడకబెట్టిన గోధుమలు గుప్పెడు తీసి, కిటికీలోంచి అతని చేతిలో పోసింది. పైన పంచదార. పెద్దల పేరు మీద పెట్టినది ఎవరు పుచ్చుకున్నా ఒక మాట అనాలి — దేవుడు క్షమించుగాక. నోరు తెరవగానే వచ్చేసే మాట. చిన్నప్పటి నుంచి వందసార్లు అన్న మాట.

స్తామెన్ అనలేకపోయాడు. చేతిలో గోధుమలు వేడిగా ఉన్నాయి, ఆవిడ రొమ్ము దగ్గర పెట్టుకుని తెచ్చింది.

"అమ్మా," అన్నాడు. "ఇంక తేవద్దు."

నూట పదిహేడో నంబరు పార కిటికీలో పెట్టాడు.

నేద పిడి మీద అంకె వేలితో తడిమింది. "ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. ఇక్కడే ఉంది. మొదటి నుంచీ... నా బీరువాలో."

ఆవిడ తలెత్తి చూసింది.

"అక్టోబర్లోనే ఇచ్చాడమ్మా. నా చేతికే ఇచ్చాడు. నేను కార్డులో కొట్టెయ్యలేదు. వాడు నిజం చెప్తుంటే పోయి వెతకమన్నాను. రెండు రోజులకి చూశాను, అప్పుడైనా చెప్పలేదు. నేనే చంపానమ్మా నీ కొడుకుని."

ఆవిడ పిడి మీద అంకెని మళ్ళీ తడిమింది. తిట్టినా బాగుండుననిపించింది స్తామెన్‌కి. చివరికి అడిగింది:

"అయితే వాడు పోగొట్టలేదా?"

"లేదు."

"తుడిచి ఇచ్చాడా?"

"తుడిచి, నూనె రాసి ఇచ్చాడు."

నేద పారని రెండు చేతులా తీసుకుని గుండెకి హత్తుకుంది. "నేనే నేర్పాను. ఒకళ్ళ పనిముట్టు వాళ్ళకి శుభ్రం చేసి ఇవ్వాలని... పంతొమ్మిదేళ్ళూ వాడిని తిడుతూనే ఉన్నాను నాయనా. సమాధి దగ్గర కూర్చుని తిట్టాను. ఎంత అజాగ్రత్త మనిషివిరా, ఒక్క పార కాపాడుకోలేకపోయావా అని." పారని ఇంకా దగ్గరికి అదుముకుంది. "చచ్చిపోయిన పిల్లాణ్ణి తిట్టాను."

స్తామెన్ ఏడ్చాడు. ఆవిడ ఏడుస్తుంటే తను ఏడవటానికి అర్హత లేదని తెలుసు, అయినా ఆగలేదు. సంచి విప్పి పారలన్నీ కిందికి దొర్లించాడు.

"ఇవన్నీ దాచాను. పద్దెనిమిదేళ్ళు, పద్దెనిమిది. ఒక్క ఏడైనా నేను తలుపు తీసుంటే నీకింత తిరుగుడు—"

"పద్దెనిమిదేంటి?" అంది నేద కళ్ళు తుడుచుకుంటూ. "పన్నెండు."

"పద్దెనిమిదమ్మా."

"నేను తెచ్చిన లెక్క నాకు తెలీదా? పన్నెండు. తర్వాత తుంటి విరిగింది. ఆరు చలికాలాలు మంచం దిగలేదు. ఈ ఏడే, కర్ర పట్టుకుని..."

ఇద్దరూ కిందికి చూశారు.

దీపం వెలుగులో కింద పారలు రెండు రకాలుగా పడి ఉన్నాయి. పన్నెండు తుప్పు పట్టి, మట్టి కొట్టుకుని. ఆరు — తుడిచి, నూనె రాసి.

స్తామెన్ ఆ ఆరింటిలో ఒకటి తీసి అందించాడు. నేద పార రేకు మీద వేలు రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"నేను రాలేకపోతే వాడే తెచ్చుకున్నాడు," అంది గుసగుసగా. "ఆరుసార్లు. ఇంత దూరం... ఇక్కడిదాకా వచ్చినవాడు ఇంటికెందుకు రాలేదు? తలుపు గడియ కూడా పెట్టుకునేదాన్ని కాదు."

జవాబు ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడే దాన్ని చూసుకుంది.

"చీటీ లేకుండా ఎలా వస్తాడు పాపం," అంది. కాగితం కిటికీ మీద పరిచింది. "సంతకం పెట్టు."

స్తామెన్ ముందు లూబెన్ కార్డు తీశాడు. పార ఎదురుగా రాశాడు: *అక్టోబర్లో అప్పజెప్పాడు. నేను నమోదు చెయ్యలేదు. తప్పు నాది.* పూర్తి పేరు రాసి, సోమవారం కమిటీ చూడబోయే కార్డులన్నిటికీ పైన పెట్టాడు. అప్పుడు చీటీ దగ్గరికి తీసుకుని, పదకొండో గడిలో సంతకం పెట్టాడు. ముద్ర వేశాడు. మడతలు చినగకుండా మడిచి ఇచ్చాడు.

"నీకేమవుతుంది?" అనడిగింది నేద.

"అవ్వాల్సిందే అవుతుంది."

ఆవిడ తల ఊపింది. మళ్ళీ మూటలో చెయ్యి పెట్టి, ఇంకో గుప్పెడు గోధుమలు అతని చేతిలో పోసింది.

ఈసారి అన్నాడు. "దేవుడు క్షమించుగాక."

"క్షమించుగాక," అంది ఆవిడ.

కర్ర ఊతంతో మంచులో గోడ వైపు నడిచింది. కన్నం దగ్గర ఆగింది. వెంటనే దూరలేదు. పక్కకి జరిగి, దారి ఇచ్చి నిలబడింది.

"నువ్వు ముందు నడు నాన్నా," అంది. "చూసుకో, జారుతుంది."

కాసేపు ఆగి, తర్వాత తనూ వంగి దూరింది.

వెన్నెల పట్టపగల్లా ఉంది. కొత్తగా పడిన మంచు మీద, కిటికీ దగ్గర నుంచి కన్నం దాకా, వెళ్ళిన అడుగులు కళ్ళకి కట్టినట్టు కనపడుతున్నాయి. ఎన్ని జతలో లెక్కపెట్టడం ఎంతసేపు?

పాతికేళ్ళు బూటు తాళ్ళు కూడా మూడేసిసార్లు లెక్కపెట్టిన స్తామెన్, ఆ రాత్రి లెక్కపెట్టకుండా కిటికీ మూసేశాడు.